కుర్చీలో చప్పుడు

మా బావ కుర్చీల మేస్త్రీ. తలుపులు, మంచాలు, బీరువాలు చేసే వడ్రంగులు వీధికొకరున్నారు. మా బావ వాటి జోలికి పోడు. కాలు విరిగినవీ, చెయ్యి ఊడినవీ, కూర్చోగానే కిర్రుమనేవీ, ఏ కుర్చీ అయినా సరే, ఆయన దగ్గరికి రావలసిందే. నేను ఆయన బామ్మర్దిని. అదే కొట్లో ముందు భాగంలో కుషన్లు కుడతాను. వెనక ఆయన బల్ల, పైన మా అక్క వాళ్ల ఇల్లు. భోజనం తయారైతే అక్క అట్లకాడతో నేల మీద రెండు దెబ్బలు వేస్తుంది. కింద మేమిద్దరం పని ఆపి చేతులు కడుక్కుంటాం.

కుర్చీ బాగయిందో లేదో చూడడానికి బావకొక పద్ధతి ఉంది. ముందు అందులో కూర్చుంటాడు. వెనక్కి వాలతాడు. తర్వాత రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, ఒంటి బరువంతా వాటి మీదే వేసి, మెల్లగా పైకి లేస్తాడు. ఆ లేవడంలో కళ్లు మూసుకుంటాడు. "కూర్చున్నప్పుడు ఏ కుర్చీ అయినా బుద్ధిగానే ఉంటుందిరా. లేచేటప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది" అనేవాడు. ఎక్కడైనా జాయింటు వదులుగా ఉంటే అప్పుడు టిక్కుమంటుంది. ఆ టిక్కు మనకి వినపడకపోయినా ఆయనకి వినపడేది. చెవితో కాదు, చేతులతో వింటాడని నేను వేళాకోళం చేసేవాణ్ణి. నా వేళాకోళంలో ఎంత నిజముందో నాకు తర్వాత గానీ తెలియలేదు.

నొప్పి ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఆయన చెబితే కదా! నొప్పి అనే మాట నోటివెంట రానిస్తే పరువు పోతుందనుకునే రకం. నేను గమనించింది మాత్రం షట్టరు తాళం. రోజూ కుడిచేత్తో తిప్పే మనిషి ఎడమచేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. తర్వాత స్క్రూ బిగించేటప్పుడు మధ్యలో ఆగి, కుడి మణికట్టును చిటికెనవేలి వైపు బొటనవేలితో నొక్కుకుంటూ గోడకేసి చూసేవాడు. పైన అక్క గమనించింది ఇంకొకటి. స్నానం చేసి తువ్వాలు పిండకుండా నీళ్లు కారుతూనే దండెం మీద పడేస్తున్నాడు.

"ఏమైందండీ చేతికి?" అని అక్క అడిగితే, "ఏమవుతుంది? అరిగింది. నలభై ఏళ్లుగా తిప్పుతున్న చెయ్యి అరగదూ?" అని కసిరాడట.

అక్క పోరు పడలేక వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన మంచివాడు, ఓపిగ్గా చూశాడు. ఎక్స్‌రే తీయించాడు. ఎముక ఎక్కడా విరగలేదని, బెణుకై ఉంటుందని చెప్పి మాత్రలూ పూతమందూ మణికట్టుకి కట్టుకునే పట్టీ ఇచ్చాడు. పట్టీ ఉన్నంతసేపూ కాస్త నయమనిపించేది. ఉలి పట్టుకోగానే మళ్లీ మొదటికొచ్చేది. అలా ఒక ఏడాది గడిచింది, ఇంకో ఏడాది కూడా చాలావరకు గడిచింది. కొట్టంతా పూతమందు వాసనే. కుషన్లకి కూడా ఆ వాసన పట్టి, కొనేవాళ్లు ముక్కు ఎగబీలుస్తుంటే నేను అటు తిరిగి నిలబడేవాణ్ణి.

ఇంతలో కుర్చీలు తిరగబడ్డాయి.

మొదట ఏదో ఆఫీసు వాళ్ల చెక్క కుర్చీ. బాగుచేసి, కూర్చుని, చేతులానించి లేచాడు. మొహం మాడిపోయింది. "టిక్కుమంటోంది" అన్నాడు. జాయింట్లన్నీ విప్పి, పాత జిగురు గీకి, కొత్తది పెట్టి, రాత్రంతా బిగించి ఉంచాడు. మర్నాడు లేచి చూస్తే మళ్లీ టిక్కు. జిగురు మంచిది కాదన్నాడు. వేరే జిగురు తెప్పించాడు. చెక్క పచ్చిదన్నాడు. వర్షాలన్నాడు. చివరికి నా మీద పడ్డాడు.

"నువ్వు కొట్టే మేకులేరా! కుషన్ బిగించేటప్పుడు ఎడాపెడా దిగ్గొట్టేస్తున్నావ్. చట్రం పగులుతోంది."

"నా మేకులు చీమ తలకాయంత ఉంటాయి బావా! వాటికి చట్రం పగిలితే అది చట్రమే కాదు."

"అంటే నా చట్రం బాగాలేదంటావా?"

 ఆ పూట అక్క అట్లకాడతో కొట్టినా ఎవరి దారిన వాళ్లు వెళ్లి తిన్నాం.

మా వీధిలో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారొకరున్నారు. ఆవిడ చదువుకునే కుర్చీని బావ మూడోసారి వెనక్కి తెప్పించుకున్నాడు. ఆవిడ ఫిర్యాదు చేయలేదు, ఈయనే ఇచ్చిన కుర్చీని చూడ్డానికి వెళ్లి, కూర్చుని లేచి, "టిక్కుమంది" అని ఎత్తుకొచ్చేశాడు. ఆవిడ పాపం మా కొట్టుకొచ్చి, గొంతు తగ్గించి నాతో అంది: "బాబూ, నాకేమీ వినపడటం లేదు. మీ బావగారికి వినపడుతోందంటే నిజంగానే ఉండి ఉంటుంది. నేను చెవుల డాక్టరుకి చూపించుకుంటాలే."

ఎవరూ ఆయన చెవిని అనుమానించలేదు. నేనూ అనుమానించలేదు. ఇన్నేళ్ల పేరు మరి. ఆయన టిక్కుమంది అంటే టిక్కుమన్నట్టే, మాకు వినపడకపోతే లోపం మాది. ఆ నమ్మకమే మా కొంప ముంచింది. నిక్షేపంలా ఉన్న కుర్చీలను విప్పి, గీకి, మళ్లీ అతికించి, వాటితో పాటు తనూ వదులైపోయాడు మా బావ.

ఒకనాడు ఉలి బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అన్నాడు. "నొప్పితో బతకొచ్చురా. నొప్పికేముంది, పళ్లు బిగిస్తే పని అవుతుంది. నా అతుకులు నిలబడటం లేదు. అదీ సంగతి. చేతిలో పని పోయింది. ఇంక జనాన్ని మోసం చేయకూడదు."

పెద్ద ఫర్నిచర్ షోరూమ్ ఆయన ఎప్పటినుంచో రమ్మంటున్నాడట. గేటు దగ్గర కూర్చుని, లారీల్లో వచ్చే సరుకు దింపించుకుని, సాయంత్రం తాళాలేసి రావడం. కొట్టు మూసేసి అందులో చేరిపోతానన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో, గేటు పక్కన, మా బావ!  మా నాన్న చనిపోయిన ఏడాది నన్ను తన కొట్టుకి తీసుకొచ్చి, ముందు భాగం ఖాళీ చేసి, "ఇక్కడ కూర్చుని కుట్టుకో" అన్న మనిషి ఆయన. కుట్టు మిషను శబ్దం తనకి తలనొప్పని ఈ రోజు వరకూ నాతో అనలేదు. అక్క ఒకసారి నోరు జారితే తెలిసింది.

అక్క మాత్రం ఏడవలేదు, వాదించలేదు. "సరే, చేరండి. ఏ పనికైనా చెయ్యి కావాలిగా. ముందు అది బాగుచేయించుకుని చేరండి" అని వీధి చివర డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లింది. ఆయన పాత కాగితాలన్నీ చూసి, కళ్లజోడు తీసి, "ఇన్నాళ్లుగా తగ్గలేదంటే ఇది నా చేతిలో పని కాదమ్మా. చేతులు మాత్రమే చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారు. వెళ్లండి" అని చీటీ రాసిచ్చాడు. తనకి తెలియదని చెప్పగలిగిన ఆ పెద్దమనిషికి నేను ఇప్పటికీ దారిలో ఎదురైతే ఆగి దణ్ణం పెడతాను.

చేతుల డాక్టరమ్మ గది చిన్నది. ఒక బల్ల, గోడకి ఎముకల బొమ్మ, మా ముందు చేతులున్న ఒక చెక్క కుర్చీ. బావ కూర్చోగానే ముందు ఆ కుర్చీని తడిమి చూశాడు. బాగున్న పనే అన్నట్టు తలూపాడు.

"నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అంది డాక్టరమ్మ.

మణికట్టుకి చిటికెనవేలి వైపు పొడుచుకొచ్చే గుండ్రటి ఎముక ఉంటుంది చూడండి, దానికి కాస్త ముందున్న గుంటను చూపించాడు. ఆవిడ సరిగ్గా అక్కడ వేలితో నొక్కింది. బావ కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. తాళం తిప్పితే నొప్పా, తడిగుడ్డ పిండితే నొప్పా, స్క్రూ బిగిస్తే నొప్పా అని అడుగుతూ పోయింది. అన్నిటికీ ఈయన అవునన్నాడు. పక్కనుండి చూసినట్టే చెబుతోందే అని నాకు ఆశ్చర్యం.

"ఇప్పుడు రెండు చేతులూ ఈ కుర్చీ చేతుల మీద పెట్టి, ఆ బలంతోనే పైకి లేవండి" అంది.

మా బావకి ఇంకొకరు నేర్పాలా? కళ్లు మూసుకుని, అరచేతులానించి లేచాడు. పళ్లు బిగించాడు. వెంటనే కళ్లు తెరిచి, నొప్పి సంగతే మరిచిపోయి, "డాక్టరమ్మా, ఏమీ అనుకోకండి. మీ కుర్చీ జాయింటు వదులైంది. టిక్కుమంటోంది" అన్నాడు. అంతటితో ఆగాడా? కుర్చీని బోర్లా వేసి, మోకాళ్ల మీద కూర్చుని కాళ్లు ఒక్కొక్కటే కదిపి చూడటం మొదలుపెట్టాడు. అక్క తలపట్టుకుంది. నాకు ఆ గదిలోంచి పారిపోదామనిపించింది.

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీని నిలబెట్టించి, తను కూర్చుని, అలాగే చేతులానించి లేచింది. ఏ చప్పుడూ లేదు. నన్ను లేవమంది. లేదు. అక్కని లేవమంది. లేదు. మళ్లీ బావని కూర్చోబెట్టి, ఈసారి తన రెండు వేళ్లు ఆయన మణికట్టు మీద ఆనించి, "లేవండి" అంది.

"ఇదిగో, మళ్లీ!" అన్నాడు బావ.

"అవును. నాకూ తెలిసింది. చప్పుడు కుర్చీది కాదు మేస్త్రీ గారూ. ఇక్కడిది" అంది ఆయన మణికట్టు మీద వేలు తియ్యకుండానే.

బావ తన చేతిని తిప్పి చూసుకున్నాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "అయితే నా కుర్చీలన్నీ బాగున్నట్టేనా?"

"మీ కుర్చీలు నేను చూడలేదు. ఈ కుర్చీ మాత్రం బాగుంది" అంది ఆవిడ.

ఆ మనిషి కళ్లు నిండిపోయాయి. ఒంట్లో ఫలానా జబ్బుందని చెబితే అంత సంతోషించిన రోగిని ఆవిడ ఎన్నడూ చూసి ఉండదు. మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసి, "హెడ్‌మిస్ట్రెస్ గారికి చెవుల డాక్టరు అక్కర్లేదని చెప్పరా" అన్నాడు. నేను కుట్టు మిషను ఆయిలు మరకలున్న చేతులతోనే మొహం తుడుచుకున్నాను.

తర్వాత ఇంకో ఎక్స్‌రే తీశారు, ఈసారి పిడికిలి గట్టిగా బిగించి. స్కానింగ్ కూడా తీశారు. డాక్టరమ్మ గోడ మీది బొమ్మ చూపించి మాకు అర్థమయ్యేలా చెప్పింది. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలుంటాయి. చిటికెనవేలి వైపుది బావకి పుట్టుకతోనే కాస్త పొడుగు. దాని కొసకీ మణికట్టు ఎముకలకీ మధ్య ఒక మెత్త ఉంటుంది. చెయ్యి తిప్పినప్పుడల్లా, బరువు ఆనించినప్పుడల్లా పొడుగెముక ఆ మెత్తను నలిపి నలిపి చింపేసింది. మామూలు ఎక్స్‌రేలో మెత్త కనపడదు. పిడికిలి బిగిస్తే గానీ ఆ పొడుగు కూడా స్పష్టంగా తెలియలేదు.

"చూశావా? మళ్లీ నీ కుషన్లతోనే వచ్చింది తంటా" అన్నాడు బావ నాతో.

"చట్రం కొలత తప్పితే కుషనేం చేస్తుంది బావా?" అన్నాను. డాక్టరమ్మ అప్పుడు నవ్వింది.

వెంటనే కోత అక్కర్లేదంది. చాలామందికి విశ్రాంతితోనే తగ్గుతుందట. ముంజేయి అటూ ఇటూ తిరగకుండా మోచేయి పైదాకా కట్టు వేయించింది. ఇన్నాళ్లూ కట్టుకున్న పట్టీ మణికట్టును పట్టుకుందే కానీ తిరగడాన్ని ఆపలేదని అప్పుడు తెలిసింది. ఆ కట్టుతో బావ కొట్లో ఊరికే కూర్చుని, నా కుట్లకి వంకలు పెడుతూ నాకు మూడు చెరువుల నీళ్లు తాగించాడు. కట్టు తీశాక ఒక ఇంజెక్షను ఇచ్చారు. కొన్నాళ్లు హాయిగా ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న వారంలోనే నొప్పి తిరిగొచ్చింది, టిక్కుతో సహా.

ఇక ఎముకను తగ్గించడమే మార్గమంది డాక్టరమ్మ. ముంజేతి దగ్గర కోసి, బియ్యపుగింజ మందమంత ముక్క తీసేసి, రెండు కొసలూ దగ్గరికి చేర్చి, రేకు పెట్టి స్క్రూలు బిగిస్తారు. నూటికి నూరుపాళ్లు పనితనం తిరిగొస్తుందని మాటివ్వలేనని కూడా చెప్పింది. బావ స్క్రూలెంత పొడుగో అడిగాడు, రేకు ఏ లోహమో అడిగాడు, జిగురు పెట్టరా అని అడిగాడు. ఇంటికొచ్చి ససేమిరా అన్నాడు.

"కోసి అతికించిన కర్రకి పాత బలం రాదు. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాను నేను! కాలు మార్చండి, అతుకు వద్దు అని. నా చేతికి నేనే అతుకేయించుకోనా? గేటు దగ్గర కూర్చోడానికి ఉన్న చెయ్యి చాలు."

షోరూమ్ ఆయన ఇంకా ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. బావకి కొట్టు మూయాలని లేదు, కోయించుకోడానికి ధైర్యమూ లేదు. అలా బల్ల ముందు కూర్చుని పనిముట్లు తుడుస్తూ ఉండేవాడు, దుకాణం ఎత్తేసే ముందు తుడిచినట్టు.

అక్క కిందకి దిగొచ్చింది. నా చొక్కా గుండీ తీసి భుజం బయటపెట్టింది. "చిన్నప్పుడు వీడు గోడ మీంచి పడితే ఈ ఎముక రెండు ముక్కలైంది. ఏదీ, చూడండి" అంది. బావ తన పద్ధతిలో బొటనవేలితో నా భుజం ఎముకను ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు. ఒకచోట ఆగాడు. నొక్కాడు.

"ఇదేనా అతుకు?"

"అదే" అన్నాను.

"జిగురూ లేదు, మేకూ లేదు" అన్నాడు తనలో తను. మళ్లీ తడిమాడు. "బాగా కూర్చుంది."

"కర్ర చచ్చినదండీ. ఎముక బతికున్నది" అంది అక్క. ఎక్కడ విన్నదో, తనకే తట్టిందో తెలియదు. నాకు మా అక్కని చూసి అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

ఆపరేషన్ అయింది. ఎముక త్వరగా అతకాలంటే సిగరెట్ మానాలని డాక్టరమ్మ ముందే షరతు పెట్టింది. అక్క ఇన్నేళ్లుగా సాధించలేనిది ఆవిడ ఒక్క మాటతో సాధించింది. చెయ్యి కుదురుకుంటున్న నెలల్లో వ్యాయామాలు నేర్పడానికి ఒకావిడ ఉండేది. ఆవిడ ఇచ్చిన పరికరం చూసి బావకి నవ్వాగలేదు. అది సుత్తి! మేకు కొట్టడానికి కాదు; పిడి చివర పట్టుకుని, ముంజేతిని మెల్లగా ఇటు వాల్చాలి, మెల్లగా అటు వాల్చాలి. పొద్దున్నే కొట్టు గుమ్మంలో కూర్చుని గాల్లో సుత్తి ఊపుతున్న బావని చూసి పాలవాడు పక్కనుంచి తప్పుకుని వెళ్లేవాడు.

ఎముక అతికిందని ఎక్స్‌రే చెప్పింది. ఇక బరువు మోస్తుందా లేదా, పనికి వెళ్లొచ్చా లేదా అన్నది చూడటానికి డాక్టరమ్మ రమ్మంది. షోరూమ్ ఆయన కూడా ఆ సాయంత్రానికి మాట చెప్పమన్నాడు. 

అదే గది. అదే కుర్చీ. డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పింది, గుంటలో వేలితో నొక్కింది. బావ కదల్లేదు. "లేవండి" అంది.

బావ కళ్లు మూసుకున్నాడు. అరచేతులు ఆనించాడు. ఒంటి బరువంతా వేసి మెల్లగా లేచాడు.

టిక్.

 అక్క నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ మొహంలో కూడా రంగు మారింది. బావ అలాగే, చేతుల మీద బరువు అలాగే ఉంచి, కదలకుండా నిలబడ్డాడు. వింటున్నాడు. తర్వాత కళ్లు తెరిచి మా అందర్నీ చూశాడు.

"మీకు కూడా వినపడిందా?" అన్నాడు.

వినపడిందని తలూపాం. అప్పుడు కదా నాకు తట్టింది, ఇన్నాళ్లలో ఆ చప్పుడు నేను ఎన్నడూ వినలేదని!

బావ వంగి కుర్చీని బోర్లా వేశాడు. దాని కుడి చేతి కింది జాయింటు పట్టుకుని కదిపాడు. కదిలింది, టిక్కుమంది. "ఈసారి కుర్చీయే డాక్టరమ్మా!" అన్నాడు.  "ఎంతమంది నొప్పి చేతులు దీని మీద ఆనించారో, పాపం. అరిగింది."

డాక్టరమ్మ కుర్చీ వైపు చూడలేదు. దాన్ని పట్టుకుని తిప్పుతున్న ఆయన మణికట్టునే చూస్తోంది. "నొప్పి ఉందా?" అంది.

"ఏ చేతికి?" అన్నాడు బావ.

ఒక్క రోజుకి కుర్చీ ఇమ్మని బతిమాలి, ఆవిడ వద్దంటున్నా ఎడమభుజాన ఎత్తుకున్నాడు. వీధిలో నడుస్తూనే షోరూమ్ ఆయనకి ఫోన్ చేయమని నాతో చెప్పాడు. "చాలా మర్యాదగా చెప్పరా. నాకోసం ఇన్నాళ్లు ఆగాడు, పెద్దమనసున్నవాడు. తాళాలు ఇంకెవరికైనా ఇమ్మను."

కొట్లో ఆ జాయింటు విప్పి, గీకి, జిగురు పెట్టి, అడుగున ఒక స్క్రూ బిగించాడు. ఎక్కడా ఆగకుండా, గోడకేసి చూడకుండా, చివరి తిప్పుదాకా కుడిచేత్తోనే. నేను కుట్టు మిషను ఆపేసి చూస్తూ కూర్చున్నాను. మర్నాడు జిగురు ఆరాక అందులో కూర్చున్నాడు, వాలాడు, చేతులానించి లేచాడు. నిశ్శబ్దం. అప్పుడే పైనుంచి అక్క అట్లకాడతో రెండు దెబ్బలు వేసింది. బావ కళ్లు తెరవకుండానే నవ్వాడు.

"పద, అన్నం చల్లారిపోతుంది" అన్నాడు. వెళ్లేముందు చేతులు కడుక్కుని, జిగురంటిన తువ్వాలు జాడించి, రెండు చేతులతో పిండి దండెం మీద ఆరేశాడు. దాని నుంచి ఒక్క చుక్క కూడా కారలేదు.